అయిదు ఇంటూలు

"ఎవడయ్యా ఈ పని చేసింది? వాడి చేతులు విరగ్గొట్టాలి," అన్నాడు సుత్తి మేస్త్రీ, జీపు కిందినుంచి బయటికొస్తూ.

పాత బండ్లు కొని అమ్మే షెడ్డు యజమాని నీళ్లు నమిలాడు. "నా దగ్గరికొచ్చేటప్పటికే అలా ఉంది బాబాయ్. వేలంలో పాడుకున్నాను. ఎవరు చేశారో నాకేం తెలుసు?"

మేస్త్రీ చేతిలో ఎప్పుడూ అరచెయ్యంత సుత్తి ఉంటుంది. దాంతో చాసిస్ మీద కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. మంచి ఇనుమైతే ఖంగుమంటుంది. తుప్పు తినేసినచోట లప్పం పెట్టి రంగేస్తే దబ్బుమంటుంది. నచ్చనిచోట సుద్దముక్కతో ఇంటూ గీస్తాడు. నలభై ఏళ్లలో ఆయన ఇంటూ గీసిన బండిని కొన్న మనిషి లేడు.

ఈ జీపు యాభై ఏళ్ల నాటిది. చాసిస్ ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఖంగుమంది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. నాలుగు చక్రాల గేరు పిలిస్తే పలికినట్టు పడింది. అలాంటి బండిని ఎవడో చేతులారా కురూపిని చేశాడు. అదీ ఆయన మంట.

గేటు బయట టాక్సీలో కూర్చున్నావిడ మీద ఇంకో మంట. "పాత జీపు కోసం మూడేళ్లుగా వెతుకుతున్నానండీ. ఉన్నదంతా దీనికే పెడుతున్నాను, ఇంకోటి కొనే శక్తి లేదు. మీరు చూసి చెప్పాలి," అని ఫోన్లో బతిమాలితే, రెండు బస్సులు మారి వచ్చాడు. వచ్చినప్పటినుంచి ఆవిడ కారు దిగలేదు. అద్దం సగం దించి, అక్కణ్ణించే అడుగుతుంది. షెడ్డుకీ కారుకీ మధ్య తిరగలేక ఈయన మోకాళ్లు పట్టేశాయి. 'కాలు కింద పెట్టని మహారాణి,' అని లోపల్లోపలే తిట్టుకుంటూ మళ్లీ వెళ్లాడు.

"అమ్మా, ఎముకలు గట్టివే. కానీ ఎవడో అడ్డగాడిద కెలికాడు. క్లచ్ పెడల్ మొదలంటా కోసేశాడు. దానిబదులు గేరు రాడ్డుకి మోటార్‌సైకిల్ లివరొకటి బిగించాడు, చేత్తో నొక్కడానికి. ఏం సోకో మరి."

ఆవిడ అద్దం ఇంకాస్త దించింది. "లివరు నొక్కితే క్లచ్ పూర్తిగా విడుతోందా?"

"విడుతోందా లేదా అని కాదమ్మా. అసలది అక్కడ ఉండకూడదు."

"ఒక్కసారి చూసి చెప్పండి మేస్త్రీగారూ."

పళ్లు నూరుకుంటూ వచ్చి లివరు నొక్కాడు. రెండు వేళ్లకే మెత్తగా విడింది. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది. కోసేసిన పెడల్ మొండి మీద ఒక ఇంటూ, లివరు మీద ఒకటి గీశాడు. స్టీరింగుకి పిడికిట్లో పట్టేంత చెక్క గుబ్బ తగిలించి ఉంది, దానిమీద ఇంకోటి. తలుపు కింద జానెడు ఎత్తులో వెడల్పాటి మెట్టు అతికించి ఉంది, దానిమీదా ఒకటి. డ్రైవరు సీటు వెనక రెండు ఇనప కొక్కేలున్నాయి. గీసుకోకుండా లోపల తోలు కుట్టారు.

"తుపాకులు పెట్టుకోడానికి," అన్నాడు మేస్త్రీ అసహ్యంగా. "వేటగాడి బండి. పొట్టివాడు కూడానేమో, మెట్టు అందుకే." అయిదో ఇంటూ గీశాడు.

"అంత కోపమెందుకు బాబాయ్? ఇంకో జీపుది పెడల్ నా దగ్గరుంది. సాయంత్రంలోగా బిగించి ఇస్తా, ఊరికే."

"ఇప్పుడొచ్చిందా బుద్ధి?"

పెడల్ బిగించి ఇస్తానన్న మాట వెళ్లి కారు దగ్గర చెప్పాడు. గుబ్బ సంగతీ, మెట్టు సంగతీ, కొక్కేల సంగతీ పూసగుచ్చాడు.

"ఆ కొక్కేలు, సీట్లో కూర్చుని చెయ్యి చాపితే అందుతాయా?"

"అందుతాయి. ఏం, తమరూ వేటకెళ్తారా?"

ఆవిడ నవ్వింది. "లేదండీ. మొక్కల లెక్క కోసం కొండలెక్కేదాన్ని, ఇలాంటి జీపులోనే. పదకొండేళ్లయింది స్టీరింగు ముట్టుకుని. పెడల్ వద్దని చెప్పండి. దేన్నీ తీయనివ్వకండి."

మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి నన్నెందుకు పిలిచారమ్మా? తల ఊపడానికా? అయిదుచోట్ల ఇంటూ పెట్టాను. ఒక్కటి పెడితేనే దండం పెట్టి వెళ్లిపోతారు జనం. ఉన్న డబ్బంతా పోసి ఈ బొమ్మలాటని కొంటారా? వాడు మిమ్మల్ని ముంచుతుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"ఆ అయిదూ కాక ఇంకేమైనా లోపం ఉందా?"

అబద్ధమాడితే ఆవిడ డబ్బు దక్కేది. సుత్తి పట్టుకుని అబద్ధమాడటం ఆయనకి చేతకాలేదు.

"లేదు," అన్నాడు మూతి ముడిచి.

"అయితే కొంటున్నాను. కొంచెం ఈ పక్కకి తెచ్చి ఆపుతారా?"

"తమరే నాలుగడుగులు వేసి రావచ్చుగా?"

నోరు జారాననుకున్నాడు. ఆవిడ నొచ్చుకోలేదు. "వస్తాను. కానీ ఇక్కడైతే నేల చదునుగా ఉంది," అంది.

మేస్త్రీ గొణుక్కుంటూ వెళ్లి జీపెక్కాడు. ఎడమకాలు అలవాటుకొద్దీ పెడల్ కోసం వెతికి, ఖాళీలో ఊగింది. ఆ కోసినవాణ్ణి ఇంకో నాలుగు మాటలని, లివరు నొక్కి, జీపుని కారు పక్కన ఆపి దిగాడు.

"ఇదిగో, తెచ్చాను. నా పని అయిపోయింది. ఇక మీ ఇష్టం, మీ ఖర్మ."

సుత్తి సంచీలో పడేసుకున్నాడు. వెనక కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మహారాణి దిగుతున్నట్టుంది, ఎలా ఉంటుందో చూద్దామని తిరిగాడు.

ముందుగా రెండు చంకకర్రలు దిగాయి.