గాలి మీద ఒక లైను

అమెరికాలోని ఈరీ సరస్సులోకి చాచిన కాంక్రీటు గోడ. దాని చివర ఎర్ర టోపీ పెట్టుకున్న తెల్ల లైట్‌హౌస్. ఆ గోడ మీదే నడిచి వెళ్ళాలి. రెయిలింగ్ లేదు.

మా తెలుగు సంఘం పిక్నిక్ ఏటా ఆ ఒడ్డునే. ఆ లైట్‌హౌస్ గురించి ఏటా ఒక పేజీ రాసేది నేనే.

మొదట చెక్కతో కట్టారనీ, అది కాలిపోయాక కాంక్రీటుతో లేపారనీ, చివరి కాపలాదారు భార్య పొగమంచులో చేత్తో గంట కొట్టేదనీ. కారు ఎక్కడ ఆపాలో, ఎంతసేపు నడవాలో.

పేజీ కింద పేరు మాత్రం ప్రెసిడెంటు రంగనాథ్‌ది.

రంగం ఆయనది. నాథుడూ ఆయనే. రాత నాది.

పోయినేడు నోరు తెరిచి ఆయన్ని అడిగాను, నా పేరు వెయ్యమని.

"సంఘం అన్నాక నీదీ నాదీ ఏంటి భీమారావ్? లైట్‌హౌసే కదా, లైట్ తీస్కో!"

అందరూ పగలబడి నవ్వారు.

ఆ జోకూ నాదే.

ఈ ఏడాది లైట్ తీసుకోలేదు. లైను తీసేశాను.

ఏటా పేజీ చివర ఉండే లైను: 'గాలి నైరుతికి తిరిగితే అలలు గోడ మీదికొస్తాయి. ఎండ కాస్తున్నా సరే, వెంటనే వెనక్కి రండి.'

పిక్నిక్ రోజు గాలి తిరుగుతుందని ఫోర్‌కాస్ట్‌లో చూసి, తడిసి ముద్దయిన ప్రెసిడెంటును ఫొటో తీద్దామని ఫోను ఫుల్‌గా ఛార్జి చేసి తెచ్చాను.

మధ్యాహ్నం రంగనాథ్ మైకు పట్టుకున్నాడు. "నా రీసెర్చ్ ప్రకారం..." అంటూ నా పేజీ మొత్తం చదివాడు. "పదండి, నేను లీడ్ చేస్తా!"

నలుగురు బయల్దేరారు. వాళ్ళ వెనక ఆయన భార్య సుగుణ గారు.

ఆవిడ ఏటా మోకాళ్ళ నొప్పులని పులిహోర గిన్నె దగ్గరే ఉండిపోతారు. ఈసారి చున్నీ నడుముకు బిగించారు.

ఆవిడను వెనక్కి పిలుద్దామని లేచాను.

"నా గైడ్ చదివితే చంటిపిల్లలైనా వెళ్ళొస్తారు!" మైకులో చివరి మాటగా అనేసి, రంగనాథ్ వాళ్ళ ముందుకు నడిచాడు.

కూర్చున్నాను.

వాళ్ళు సగం గోడ దాటారు. బల్ల మీది పేపరు ప్లేట్లు లేచి పార్కింగ్ వైపు ఎగిరాయి.

మొదటి అల గోడను తడిపింది. రెండోది గోడను దాటింది.

ఫోను గడ్డిలో పడేసి పరిగెత్తాను.

అందరం చేతుల మీదా మోకాళ్ళ మీదా పాక్కుంటూ ఒడ్డుకొచ్చాం. రంగనాథ్‌కు ఒక బూటు లేదు. సుగుణ గారి మణికట్టు ఉబ్బిపోయింది.

"ఆ గైడ్ ఎవరండీ రాసింది?" గుంపులోంచి ఎవరో గట్టిగా అడిగారు.

రంగనాథ్ మైకు అందుకున్నాడు. "నేను కాదు! భీమారావు! ఏటా రాసేది ఈయనే!"

ఆ మాట మైకులో వినాలని ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఒక్కరూ నవ్వలేదు.

సుగుణ గారికి దుప్పటి కప్పాను. ఆవిడ వణుకుతూనే నా చెయ్యి పట్టుకున్నారు.

"మీరు రాస్తారని నాకు తెల్సు అన్నయ్యగారూ. చివర్న గాలి గురించి ఒక లైను పెడతారు కదా, అది చదివి భయమేసి ఏటా ఆగిపోయేదాన్ని. మోకాళ్ళని చెప్పేదాన్ని."

దుప్పటి అంచును ఉబ్బిన మణికట్టు మీదికి లాక్కున్నారు.

"ఈసారి వెతికా. లేదు. మీరు రాయలేదంటే ఇంక పర్లేదేమోనని వచ్చా."