చాక్‌పీసు గీత

తులసి టీ వడకట్టి, గ్లాసు పట్టుకుని అరుగు మీదకొచ్చి తండ్రి భుజం తట్టింది. పిలిస్తే ఆయన పలకడు. నరసరాజు తల తిప్పి చూసి, గ్లాసందుకుని మళ్లీ వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

నిరుడు వినాయక చవితి పందిట్లో మైకుసెట్టు పెట్టి వచ్చిన మర్నాటి నుంచీ ఇంతే. ఏలూరు తీసుకెళ్లి చెవులు చూపిస్తానంటే చెయ్యి అడ్డంగా ఊపేస్తాడు.

గణపవరంలో ఆ ఇంటి ముందుగది నిండా పాత స్పీకర్లే. చిరిగిన కాగితం కోన్లు, తుప్పు పట్టిన చట్రాలు, చెదలు తిన్న టేకు పెట్టెలు. చిన్నప్పుడు బళ్లో తులసిని అందరూ 'మైకుసెట్టు' అని పిలిచేవారు. ఆ సిగ్గుతో స్నేహితురాళ్లనెవర్నీ ఇంటికి రానిచ్చేది కాదు. "వచ్చి కూర్చో, పని నేర్పుతాను" అని తండ్రి ఎన్నిసార్లు పిలిచినా, "వినడానికి మీరున్నారుగా, నాకెందుకు నాన్నా?" అనేసి లోపలికి వెళ్లిపోయేది.

ఆ మాటా నిజమే. ఆయన చెవులు అలాంటివి. గదిలో స్పీకరు మోగుతుంటే తను అరుగు మీద వీధివైపు తిరిగి కూర్చునేవాడు. కాసేపయ్యాక "కుడిపక్క, కిందన" అనేవాడు. లోపలికొచ్చి చట్రం మీద చాక్‌పీసుతో చిన్న గీత గీసేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అక్కడే, లోపలి రాగితీగ కాయిల్ అయస్కాంతానికి గీరుకుంటూ ఉండేది. ఇంకెవరి చెవికీ అందని చప్పుడది.

ఇప్పుడా చాక్‌పీసుల డబ్బా మీద వేలెడు దుమ్ము.

"ఏమ్మా, అయిందా నా స్పీకరు?" గుమ్మంలో చెప్పులు విడుస్తూ అడిగాడు క్రీస్తుదాసు మాస్టారు. తాడేపల్లిగూడెంలో రిటైరయ్యాక, పాత స్పీకర్లు పోగుచేయడమే ఆయనకి కాలక్షేపం. అరుగు మీదున్న నరసరాజుకి నమస్కారం పెడితే, ఆయన తలూపాడు.

"అయిందండీ. రండి, వినండి."

తులసి ఫోనుకి తీగ తగిలించి సన్నాయి పెట్టింది. మాస్టారు కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ! నా పెళ్లి గుర్తొచ్చింది కదమ్మా. మా ఆవిడకి మాత్రం ఈ మాట చెప్పకు, మళ్లీ కొత్త చీరంటుంది." నవ్వి, గొంతు తగ్గించాడు. "కానీ ఒక మాట. గూడెంలో పాత సినిమా హాలు పడగొడుతున్నారు. తెర వెనకాల స్పీకర్లు నాలుగూ నాకిచ్చేశారు. మనిషెత్తు పెట్టెలు. అవి విజయవాడ పంపుదామనుకుంటున్నా. ఏమీ అనుకోకు. వినపడని మనిషి చేతిలో ఎలా పెట్టను?"

తులసి గదంతా ఒకసారి చూసింది. నాలుగు పెట్టెలూ ఈ గుమ్మం కాదని వెళ్లాయంటే, ఇక ఇటు వచ్చేవాడే ఉండడు. ముందుగది మూసుకోవడమే.

"అవీ ఇక్కడికే తెండి మాస్టారూ. ఇవన్నీ చేస్తున్నది నేనేనండీ."

"నువ్వా?"

"ఏడాది బట్టీ. మధ్యాహ్నం నాన్నగారు కునుకు తీసినప్పుడు, ఆయన చేసింది విప్పి మళ్లీ చేస్తున్నా. ఆయన ముట్టుకున్నదల్లా తప్పేనండీ. మొదట్లో తీగలు తారుమారు చేసేవారు. అది నాకు అలవాటయ్యేసరికి కోను వంకరగా అతికించడం మొదలెట్టారు. ఇప్పుడు కాయిలే పక్కకి. ఒకసారి చేసిన తప్పు రెండోసారి చెయ్యరు, ఇంకోటి చేస్తారు! జిగురన్నా గట్టిగా పెట్టరు, వేలితో లాగితే ఊడొచ్చేస్తుంది."

"మరి కాయిల్ అయస్కాంతానికి తగలకుండా నిలబెట్టడం నీకెవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారండీ? ఆయన ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి, ఆ ముక్కలు బల్ల మీదే పడేసి పోతుంటారు. కాయిల్ చుట్టూ దోపి చూశాను, కుదిరింది."

"మెల్లిగా అనమ్మా. పెద్దాయన అక్కడే ఉన్నారు."

"పక్కన లక్ష్మీబాంబు పేల్చినా వినపడదండీ ఆయనకి" అని నవ్వేసింది తులసి. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఆయన పని అయిపోయిందండీ. ఈ సంగతి తెలిస్తే తట్టుకోలేరు. పేరు మాత్రం ఆయనదే ఉండనివ్వండి."

మాస్టారు గుమ్మంలో చెప్పులు తొడుక్కున్నాడు. "ఆదివారం వ్యాన్‌లో పంపిస్తా. నాలుగూ నీకే. ఇది కూడా వాటితోబాటే తీసుకెళ్తాలే."

ఆయన వెళ్లిపోయాడు. తులసికి జీవితంలో మొదటిసారి ఆ గది తనదనిపించింది. ఆ వెంటనే ముఖం వేడెక్కింది. కన్నతండ్రిని ముందు కూర్చోబెట్టుకుని, పరాయి మనిషి దగ్గర ఎన్ని మాటలంది! గుమ్మంలోంచి చూసింది. నరసరాజు వీపు కదల్లేదు. వినపడలేదు కదా అని సర్దిచెప్పుకుంది. అయినా తలెత్తి రెండోసారి అటు చూడలేకపోయింది.

సన్నాయి ఇంకా మోగుతూనే ఉంది. ఎంత విన్నా ఎక్కడా వంక లేదు.

నరసరాజు లేచాడు. ఖాళీ గ్లాసు గుమ్మం పక్కన పెట్టి లోపలికొచ్చాడు. తులసి వైపు చూడలేదు. స్పీకరు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. డబ్బా మీది దుమ్ము ఊది, ఒక చాక్‌పీసు తీసి, చట్రానికి ఎడంపక్క పైన చిన్న గీత గీశాడు. చాక్‌పీసు ఆమె అరచేతిలో పెట్టి, కండువా భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తులసి వంగి, ఆ గీత దగ్గర చెవి ఆనించింది.

అక్కడే, సన్నగా, కాయిల్ గీరుకుంటోంది.