వార్తల వేళకి నల్లతెర

"ఒక్కో అక్షరం అలా వెతుక్కుంటే వార్తల వేళ దాటిపోతుందయ్యా. అక్కడ ఇంకెవరూ లేరా?" అన్నాడు డాక్టరు వాచ్‌మన్‌తో, మంచం మీంచి ఫోన్లో.

అతను మందులిచ్చే డాక్టరు కాదు. చిన్న రేడియో స్టేషన్లో కంప్యూటర్లు బాగుచేస్తాడని అక్కడివాళ్ళు పెట్టిన పేరది. ఉద్యోగంలో చేరిన వారానికే మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఊరికే పడుకోలేక, నిన్న ఇంట్లోంచే స్టేషన్ కంప్యూటరుకి కొత్త గ్రాఫిక్స్ డ్రైవరు, అంటే తెరకి బొమ్మ పంపే ప్రోగ్రాము, ఎక్కించాడు. పొద్దున్నే వాచ్‌మన్ ఫోను. తెర నల్లగా ఉందట, ఏం నొక్కినా అంతేనట. నెట్టూ అందడం లేదు, ఇంట్లోంచి సరిచేసే వీల్లేదు. లినక్స్‌తో నడిచే ఆ మిషన్ లేస్తేనే వార్తలు. ఊరెళ్ళిన మేనేజరు అప్పుడే చెప్పేశాడు, వార్తలు ఆగితే కాలు బాగయ్యాక కూడా రానక్కర్లేదని.

"పాత డ్రైవరు తీయకుండా కొత్తది పెట్టాను. రెండూ తెర కోసం కొట్టుకుంటున్నాయి. వట్టి అక్షరాలు వచ్చే కన్సోలైనా కనబడాలి కదా, అదీ నలుపే," అని భార్య దగ్గర మొత్తుకున్నాడు.

"ఒక ఒరలో రెండు కత్తులు పెట్టిందెవరట?" అంది ఆవిడ, కట్టు కింద దిండు సర్దుతూ.

గేటు తీయాలంటూ వాచ్‌మన్ ఫోను వార్తలు చదివే ఆమెకిచ్చి వెళ్ళిపోయాడు. పొద్దున్నే వచ్చి పని ముగించుకుని వెళ్ళిపోయే మనిషి, డాక్టరు ఆమెనింకా చూడలేదు. గొంతు మాత్రం రేడియోలో తెలుసు.

"మీకైనా ఏమన్నా కనబడుతోందా మేడమ్?"

"ఏమీ లేదండీ."

"టైపు వచ్చా?"

"ఇన్‌స్టిట్యూట్లో నేర్చుకున్నాను. చెప్పండి."

అతనికి ప్రాణం లేచొచ్చింది. మిషన్ చచ్చిపోలేదని, కొట్టింది వింటుందని, చూపించదంతే అని నచ్చజెప్పాడు. కన్సోల్లోకి వెళ్ళే మీటలు నొక్కించాడు. యూజరు పేరు, పాస్‌వర్డు, ఆ తర్వాత మిషన్ చేత కుయ్‌మనిపించే ఆదేశం, అన్నీ అక్షరం అక్షరం చెప్పాడు. చప్పుడు రాలేదు.

"క్యాప్స్ లాక్ దీపం వెలుగుతోందేమో చూడండి. వాచ్‌మన్ ఏవేవో నొక్కేశాడు, అది పడి ఉంటే పాస్‌వర్డు తప్పుతుంది."

దీపం సంగతి చెప్పకుండానే, ఆ మీట ఒకసారి నొక్కి మళ్ళీ మొదట్నుంచీ కొడతానంది ఆమె. కొట్టింది. ఫోన్లో సన్నగా కుయ్‌మంది.

అసలు పని ఇప్పుడుంది. పాత డ్రైవర్ని ఇక లేవనివ్వద్దని మిషన్‌కి చెప్పాలి. పొడుగాటి వరుస, మధ్యలో చుక్కలు, గీతలు, ఖాళీలు. ఒక్కటి తప్పితే ఉన్నదీ పోతుంది. మొదటి ముక్క చెప్పడంలోనే అతను తడబడ్డాడు.

"తెర వంక చూసి కంగారు పడకండి మేడమ్."

"కంగారు నాకు లేదండీ, మీకే ఉన్నట్టుంది," అంది ఆమె.

పక్కన భార్య నవ్వు ఆపుకుంది. మీటల చప్పుడు ఆగకుండా సాగింది. ఇంకెవరైనా అయితే అక్షరానికోసారి తలెత్తి తెర చూసి తికమకపడేవారు. ఈమె తడబడలేదు, దేన్నీ రెండోసారి చెప్పించుకోలేదు. ఎంత గొప్ప ఇన్‌స్టిట్యూటో అనుకున్నాడు. చివర్న మిషన్ ఆగి మళ్ళీ లేచేలా రీబూట్ చేయించాడు. ఆమె వార్తల కాగితాలు తెరుస్తున్న చప్పుడు వినబడింది, అట్టల్లా దళసరిగా ఉన్నట్టున్నాయి. మైకు దగ్గరికి వెళ్తున్నానంటూ ఫోను పెట్టేసింది.

భార్య రేడియో పెట్టింది. వట్టి గరగర. మిషన్ లేస్తే వార్తల రాగం దానంతటదే మొదలవ్వాలి. అతను దుప్పటి అంచు నలిపేస్తూ, ఈ ఉద్యోగం పోయినట్టేనని గొణిగాడు. ఆవిడ అతని భుజం మీద చెయ్యేసింది.

ఉన్నట్టుండి రాగం మోగింది. వెనకే ఆమె గొంతు, ఏమీ జరగనట్టు. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"గండం గడిచింది. ఇకనైనా కాఫీ తాగండి," అంది భార్య.

వార్తలయ్యాక ఫోన్ చేశాడు. తన ఉద్యోగం నిలబెట్టింది ఆమేనని మేనేజరుకి తనే చెప్తానన్నాడు. కాలు ఆనగానే వచ్చి ముందు ఆమెనే కలుస్తానన్నాడు.

"ఒక్క చివరి పని మేడమ్. ఇందాకటి కన్సోల్ మీటలు నొక్కండి. ఇప్పుడు అక్షరాలు కనబడుతున్నాయా?"

మీటలు నొక్కిన చప్పుడైంది.

"అది వాచ్‌మన్ వచ్చి చెప్పాలండీ," అంది ఆమె మామూలుగా.

"అదేంటి మేడమ్?"

"నాకు పుట్టుకతోనే చూపు లేదు."