ఫైలుకు పేరు

“నకిలీ చార్జరు అంటగట్టినావు. పెట్టినా చార్జి దిగిపోతాండాది, నాలుగు శాతమే మిగిలింది” అన్నాను, లాప్‌టాప్‌ను శశికుమార్ అంగడి బల్ల మీద పెట్టి.

“మాట జారొద్దు సార్. అరవై ఐదు వాట్లది కావాలని నేను చెప్తే వినకుండా, పిన్ను పట్టింది చాలని నలభై ఐదుది తీసుకుపోయింది మీరే. పాతది యాడ?”

“మా పాప బ్యాగులో ఉండింది. బ్యాగును దానమిచ్చేసినాము.”

“చార్జరు దానమిచ్చేవాళ్లను ఇప్పుడే చూస్తాండా! ఆఫ్ చేస్తే దీంతోనే మెల్లగా ఎక్కుతాది.” అతడు బటన్ మీద వేలు పెట్టాడు.

“చెయ్యి తియ్యి!” అని అరిచాను. “పాప రాస్తాండిన ప్రాజెక్టు అది. మధ్యలో తలనొప్పని లేచి, అట్లే పోయింది. మొన్న పదమూడో రోజు చేసినాము.”

అతడు వేలు తీశాడు. “సేవ్ చేస్తే ఉంటాది కదా సార్?”

“నొక్కితే పేరు అడుగుతాది.”

ఇంట్లో పాప పేరు ఎవరమూ పలకడం లేదు. నిన్న బడిలో హాజరు పిలుస్తూ, అదే పేరున్న పిల్లను దాటేశాను. “నేనుండాను సార్” అంటూ ఆ పిల్ల లేచి నిలబడింది.

“చెప్పండి, నేను కొడతా.”

“మేధ” అన్నాను. “ఇంగ ఆఫ్ చెయ్యప్పా.”