ఉత్తరం ఎక్కడ పెట్టాలి?

"నలభై మంది ఆడారు. నలభై మందీ ఇక్కడే చేతులెత్తేశారు," అన్నాడు బాస్, గోడమీది తెరలో గ్రాఫు చూపిస్తూ. "నాలుగు అధ్యాయాలు కుర్చీలోంచి లేవరు. ఐదోది రాగానే ఆట కట్టేసి పోతున్నారు. ఏం చేద్దామంటావ్?"

"ఏమీ చెయ్యొద్దంటాను," అంది రచయిత్రి.

మొండిఘటం. మూడేళ్ళుగా ఆ కంపెనీలో ఒకే వీడియోగేముకి కథ రాస్తోంది. బొమ్మలేసేవాళ్ళతోనూ, ప్రోగ్రాములు రాసేవాళ్ళతోనూ ఎన్నిసార్లయినా సర్దుకుపోయింది. ఐదో అధ్యాయం జోలికొస్తే మాత్రం ససేమిరా అంటుంది.

కథ చిక్కుదేం కాదు. ఓ రేవుపట్నం. అందులో ఒక దర్జీ. ఆయన కూతురు ప్రేమించినవాడితో తెల్లారుజామున పడవెక్కి వెళ్ళిపోవాలనుకుంటుంది. నాలుగు అధ్యాయాలపాటు ఆడేవాళ్ళే ఆ పిల్ల. గోడలు దూకుతారు, మూట సర్దుతారు, ఆ ప్రేమ గట్టెక్కాలని గోళ్ళు కొరుక్కుంటారు. ఐదో అధ్యాయంలో ఉన్నట్టుండి ఇంకో మనిషైపోతారు. ఆ మనిషికి పేరు లేదు, మొహం లేదు. చేతిలో ఒక ఆకాశరామన్న ఉత్తరం. దాన్ని దర్జీ కంటపడేలా ఆయన షాపులో పెట్టాలి. అంతసేపూ కాపాడుకొచ్చిన పిల్లకి మన చేత్తో మనమే ద్రోహం చెయ్యాలి.

"అక్కడ ఒళ్ళు మండాలి. ఛీ, నేనా ఈ పని చేసింది అనిపించాలి. అప్పుడే ఆట చివరిదాకా వదలరు," అనేది రచయిత్రి.

అంతవరకూ అందరూ ఒప్పుకున్నదే. పేచీ అంతా ఉత్తరం పెట్టే చోటు దగ్గర. ఆడినవాళ్ళు గల్లాపెట్టెలో పెట్టారు, తలుపు సందులోంచి తోశారు, తగిలించిన కోటు జేబులో దోపారు. ఆట ఒప్పుకోదు. కుట్టుమిషనుకి ఎడమపక్క ఒక సొరుగుంది. బిగుసుకుపోయి ఉంటుంది. కాస్త పైకెత్తి లాగితేగానీ రాదు. అందులో దారం కండెల కింద పెట్టాలి. ఆ సంగతి తెలిసేలా ఎక్కడా చిన్న సూచన కూడా పెట్టనివ్వలేదు ఆవిడ.

"కోటు జేబైతే ఏం పోయింది తల్లీ?" అన్నాడు బాస్.

"అది నిజం కాదు."

"నిజమేంటమ్మా! ఇది ఆట!"

చివరికి బేరం కుదిరింది. ఆ మధ్యాహ్నం వచ్చే నలభై ఒకటో మనిషి సూచన లేకుండా పది నిమిషాల్లో ఉత్తరం సొరుగులో పెడితే సరే. లేదంటే ఐదో అధ్యాయం మొత్తం ఎగిరిపోతుంది. పోయేది మూడేళ్ళ కష్టం. ఆమెకి అన్నం సయించలేదు.

తీరా చూస్తే ఆ నలభై ఒకటో మనిషి రానేలేదు. వచ్చింది ఆమె భర్త. ఆవిడ ఇంట్లో మరిచిపోయిన కళ్ళద్దాలు ఇచ్చిపోదామని వచ్చాడు.

మందుల షాపు నడుపుకునే మనిషి. మహా మెత్తన. పెళ్ళై పద్దెనిమిదేళ్ళయినా గొంతు పెంచి ఎరగడు. అందరూ ఆమెని వెలేసినట్టు చూసిన రోజుల్లో పక్కన నిలబడింది ఇతనొక్కడే. ఆట గురించి ఇంట్లో ఒక్క ముక్క చెప్పకూడదని కంపెనీ సంతకం పెట్టించుకుంది గనక, ఇతనికి ఆమె ఏమీ చెప్పలేదు.

"ఇక బావగారే దిక్కు. రండి, ఓ రెండు గంటలు ఆడిపెట్టండి," అని చెయ్యి పట్టుకున్నాడు బాస్.

"నాకిలాంటివి రావండీ బాబూ!"

"రానివాళ్ళే కావాలి మాకు."

అద్దం ఇవతల రచయిత్రి, బాస్. అవతల గదిలో అతను. అద్దంలోంచి అతనికి వీళ్ళు కనపడరు. మొదట్లో ఆ మీట అనుకుని ఈ మీట నొక్కి, గోడమీంచి నాలుగుసార్లు పడ్డాడు. బాస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మూడో అధ్యాయానికి కప్పులో టీ చల్లారిపోయింది. నాలుగోదానికి తెరతోనే మాట్లాడడం మొదలెట్టాడు. "పరిగెత్తవే! వెనక్కి చూడకు!" తన కథ ఆ నెమ్మదస్తుణ్ణి అంతలా ఊపేస్తుంటే ఆమెకి గర్వంగా అనిపించింది.

ఐదో అధ్యాయం. చేతిలోకి ఉత్తరం వచ్చింది.

అతని మొహంలో నవ్వు పోయింది. షాపు తలుపు తెరిచాడు. గల్లాపెట్టె వంక చూడలేదు. కోటు దగ్గర ఆగలేదు. తిన్నగా మిషను దగ్గరికెళ్ళి, ఎడమ సొరుగు పైకెత్తి లాగి, కండెలు పక్కకి జరిపి, ఉత్తరం పెట్టి మూసేశాడు. మొత్తం పదకొండు సెకన్లు.

బాస్ ఎగిరి గంతేశాడు. "గెలిచావమ్మా! నీ సొరుగు నీకే! ఇంక దాని జోలికొస్తే ఒట్టు!" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆమె తెరమీది సొరుగునే చూస్తోంది.

భర్త నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "పాపం ఆ పిల్ల," అన్నాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. "ఏంటలా ఉన్నావ్? తప్పాడానా?"

"అక్కడ పెట్టాలని ఎలా తెలిసింది?"

"ఏమోనే, ఆలోచించలేదు. ఆటలో పడిపోయాను కదా, చెయ్యి దానంతటదే పోయింది."

ఆ దర్జీ ఆమె కన్నతండ్రి. ఇరవై ఏళ్ళ కిందట ప్రేమించినవాడితో బస్సెక్కబోతున్న ఆమెని జుట్టు పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చేలా చేసిన ఆ ఉత్తరం ఏ సొరుగులో దొరికిందో ఆయన పోయేముందు ఆమె ఒక్కదాని చెవిలోనే చెప్పాడు గనక, ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు లోకంలో ఇద్దరే: ఆమె, ఆ ఉత్తరం రాసినవాడు.