గోడ దగ్గర దిగే మనిషి

"ఆపాలమ్మా! గోడ దగ్గర దిగాలి."

ఇసుక వేస్తే రాలనంత జనంలోంచి ఒక నల్లగొడుగు పైకి లేచింది.

"తాతగారూ, ఇక్కడ స్టాపు లేదని మీకు రోజూ చెప్పాలా?" అంది కండక్టరమ్మ.

"డెబ్భై దాటినవాళ్లు అడిగినచోట దింపాలని రూలుందమ్మా."

"ఉంది లెండి. అది రాసిన మహానుభావుడు పొద్దున్నే ఈ బస్సెక్కితే తెలిసేది."

పెద్దాయన నవ్వాడు. డ్రైవరు పళ్లు నూరుతూ బ్రేకు తొక్కాడు.

ఆయన దిగడం కూడా ఒక పట్టాన తెమిలేది కాదు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు బస్సులో. సరిగ్గా అప్పుడే గొడుగు పిడి కడ్డీకి తగులుకునేది.

అది ఊడివచ్చేలోగా, గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్లు వెనక తలుపులోంచి ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కేసేవాళ్లు.

"ఒకడు దిగితే పదిమంది ఎక్కుతున్నారు. ఇదెక్కడి బేరం చెల్లెమ్మా?" అన్నాడు డ్రైవరు.

"నన్నడుగుతావేం? రైట్, రైట్!"

అక్కడ ఒకవైపు మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ. ఇంకోవైపు ఇరుకు సందు. పెద్దాయన గోడ వైపూ పోడు, సందులోకీ పోడు.

కండక్టరమ్మ ఒకరోజు వెనక అద్దంలోంచి చూసింది. ఆయన గొడుగు విప్పుకుని, బస్సు వచ్చిన దారినే వెనక్కి నడుస్తున్నాడు.

"మతిమరుపేమో. దిగాల్సిన చోటు దాటిపోయాననుకుంటాడు" అన్నాడు డ్రైవరు.

"రోజూనా?"

"పోనీ, చిన్నిల్లేమన్నా..."

"ఎవరితో, గోడతోనా? నీ నోటికి అడ్డూ ఆపూ లేదన్నా."

అయినా ఆవిడకి కుతూహలం ఆగలేదు. మర్నాడు అడిగేసింది.

"ఇంతకీ ఇక్కడ మీకేం పని తాతగారూ?"

"దిగడమేనమ్మా పని" అన్నాడాయన, గొడుగు విడిపించుకుంటూ.

ఆ సోమవారం గొడుగు కనిపించలేదు.

గోడ దగ్గర ఆడవాళ్లు చేతులెత్తారు. స్టాపు కాదు, దిగేవాళ్లు లేరు. డ్రైవరు బ్రేకు మీద కాలే పెట్టలేదు.

బస్సు చివరి స్టాపుకి నాలుగు నిమిషాలు ముందే చేరింది. ఇద్దరూ తీరిగ్గా టీ తాగారు.

"హమ్మయ్య, ప్రాణం హాయిగా ఉంది" అన్నాడు డ్రైవరు.

మంగళవారమూ అంతే.

బుధవారం, గోడకి ముందు స్టాపులో, పెద్దాయన ఎప్పుడూ ఎక్కే చోట, ఒక సన్నటి మనిషి రొప్పుతూ ఎక్కింది. చీర కుచ్చిళ్లకి మోకాళ్ల దాకా బురద.

"నువ్వు గోడ దగ్గర ఎక్కేదానివి కదూ?" అంది కండక్టరమ్మ.

"అవునమ్మా. అక్కడ ఆగడం లేదని ఇక్కడిదాకా నడిచొచ్చా. ఆసుపత్రిలో ఊడ్చే పని. ఆరున్నర దాటితే రిజిస్టరు లోపల పెట్టేస్తారు. రెండ్రోజులు లేటయ్యింది. మూడోది పడితే పేరు కొట్టేస్తామన్నారు."

"రోజూ ఇంత దూరం నడుస్తావా?"

"ఎట్లా నడిచేది? చంటిదాన్ని పక్కింటివాళ్లు ఎంతసేపని చూస్తారు?" ఆమె చుట్టూ చూసింది. "ఆయనకి ఒంట్లో బాగోలేదా అమ్మా?"

"ఎవరికి?"

"గొడుగు తాతకి. ఆయన దిగితేనే కదా మాకు బస్సాగేది."

కండక్టరమ్మ టికెట్టు చింపడం ఆపి ఆమె వైపు తిరిగింది.

"ఆయన ఇల్లు అక్కడే కాదూ?"

"అక్కడేముందమ్మా, గోడ! మేమంతా ఎక్కేదాకా ఆ గొడుగుతో కుస్తీ పట్టేవాడు. తర్వాత ఎక్కిన చోటికే నడుచుకుంటూ పోయేవాడు. ఎండైనా, వానైనా."

గోడ కనబడుతోంది. చేతులు లేస్తున్నాయి.

"అన్నా, ఆపు!"

"ఎవరు దిగేది?"

"నేను."

"నీకేమన్నా పిచ్చా చెల్లెమ్మా? స్టాపు కానిచోట ఎక్కించుకుంటే మెమో ఇస్తారు."

"నేను రైటు చెప్పకుండా బండి కదలకూడదు. అదీ రూలే. ముందు ఆపు."

బస్సు ఆగింది. ఆవిడ ఒక కాలు నేల మీద పెట్టి నిలబడింది. తొమ్మిదిమంది ఎక్కారు. పదోది, బరువైన మనిషి, పరుగెత్తుకుంటూ వచ్చేదాకా ఆ కాలు తియ్యలేదు.

"రైట్" అంది అప్పుడు.

మధ్యాహ్నం డ్యూటీ దిగి డిపో ఆఫీసుకి వెళ్లింది.

"గోడ దగ్గర స్టాపు కావాలని అర్జీ పెట్టాలండీ."

కుర్ర గుమాస్తా బీరువా తెరిచి ఒక ఫైలు బల్ల మీద పడేశాడు.

"మీది పన్నెండోది. పదకొండూ ఇందులోనే ఉన్నాయి. స్టాపు తీసెయ్యమని ఆర్డరుంది కదండీ, దాన్ని కదిపేదెవరు?"

పదకొండు కాగితాల మీదా ఒకటే చేతిరాత. ఒకటే సంతకం. దాని చివర గొడుగు పిడిలా వంపు తిరిగిన గీత.

"ఎవరండీ ఈయన?"

"ఎవరో పెద్దాయన. చంకలో గొడుగు పెట్టుకుని నెలకోసారి వచ్చేవాడు. నేను కొత్తగా వచ్చినవాణ్ణి, పెద్దగా తెలీదు. మొన్న ఆదివారం పోయాడట, పాపం."

కండక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక్కో కాగితమే తిప్పుతూ పోయింది.

అన్నిటికన్నా అడుగున, అంచులు పసుపెక్కిన పాత ఆర్డరు ఉంది. నాలుగు నిమిషాలు కలిసొస్తాయి కాబట్టి గోడ దగ్గర స్టాపు తీసెయ్యడమైనదని అందులో రాసి ఉంది.

దాని కింద, రూట్ల అధికారి అన్న ముద్ర పక్కన, గొడుగు పిడిలా వంపు తిరిగిన అదే సంతకం ఉంది.