మోచేతుల కింద

ఆ రాత్రి మాదన్నపేట వ్యాయామశాలలో కరెంటు పోయింది. అందరూ వెళ్లిపోయినా ఫణికుమార్ కదలలేదు. కసరత్తు నేర్పే ఉస్తాద్, తోటి కుర్రాడు నిఖిలేష్ భుజాలను పొగిడిన ప్రతిసారీ ఫణికుమార్ కుళ్లుకునేవాడు. కొత్తవాళ్లకిచ్చే తేలిక డంబెల్స్ పక్కన పెట్టి, నిఖిలేష్ ఎత్తే జతనే అందుకున్నాడు. బల్ల మీద కూర్చుని, వాటిని చెవుల దాకా తెచ్చి, పైకి నెట్టాడు.

సగంలో బరువు ఆగిపోయింది. వెనుక నుంచి రెండు అరచేతులు వచ్చి మోచేతులకు ఆసరా ఇచ్చాయి. కొత్తవాళ్లను ఎవరో ఒకరు అలా పట్టుకోవడం అక్కడి రివాజు. బరువు దూదిలా లేచింది.

"ఇడువు భాయ్, ఇగ నేనే లేపుత."

పట్టు వదల్లేదు. వెనుక ఊపిరి చప్పుడు లేదు. ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

మరిచిన తువ్వాలు కోసం కొవ్వొత్తి పట్టుకుని వచ్చిన నిఖిలేష్, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది ఫణీ, ఒక్కనివే నా బరువు లేపుతున్నవా? మస్తుగున్నయ్ రా నీ భుజాలు!"

ఆ గొంతులోని అసూయ ఫణికుమార్‌కు తీయగా తగిలింది. దించబోతే ఆ చేతులు దించనివ్వలేదు, ఇంకా పైకి నెట్టాయి. భుజం కీలు టక్కుమంది.

"పట్టాల్నా?" అని నిఖిలేష్ ముందుకొచ్చాడు.

"ఫికర్ వద్దు. నువ్వు జర సూస్తుండు," అని ఫణికుమార్ పళ్లు బిగించి నవ్వాడు.